గొడ్డలికి, పారకు కామ వేయడం: కర్ర ఎంచుకోవడం నుంచి చీల దిగేయడం దాకా

కామ (చేతి కర్ర) వేసి నెల తిరక్కుండానే గొడ్డలి తల ఊగుతోందని, మేకులు కొట్టినా ఆగట్లేదని, షాపులో కొన్న కామ మొదటి వానాకాలంలోనే చీలిందని చాలామంది అడుగుతున్నారు. పిలిస్తే వచ్చే వడ్రంగి లేని ఊళ్లు ఎక్కువయ్యాయి. అందుకే ఎవరికి వాళ్లు చేసుకునేలా మొత్తం పనిని వరసగా రాస్తున్నాను.

ముందే ఒక మాట చెప్పాలి. లూజయ్యే కామల్లో ఎక్కువ భాగం పచ్చి కర్రతో చేసినవే. కర్ర ఆరకుండా వేస్తే ఎంత పనితనం చూపినా, ఎన్ని చీలలు (కామను కన్నంలో బిగించే ఏటవాలు ముక్కలు) కొట్టినా వృథా. కాబట్టి ఈ పనిలో అసలు కష్టం చెక్కడం దగ్గర లేదు, ఆగడం దగ్గర ఉంది. ఈ వారమే గొడ్డలి కావాలంటే ఆరిన కర్ర కొనుక్కోండి. పచ్చి కర్రతో తొందరపడొద్దు.

కావాల్సిన సామాను

- బాడిస, అంటే వడ్రంగి చెక్కే పనిముట్టు (లేకపోతే పదునైన చిన్న గొడ్డలి)
- రంపం, ఉలి, చింత కర్ర గూటం
- గరుకు ఆకురాయి ఒకటి, నున్నటిది ఒకటి
- చేతి డ్రిల్ లేదా కరెంటు డ్రిల్
- పగిలిన గాజు పెంకు, గరుకు కాగితం
- దీపం మసి లేదా బొగ్గు పొడి, కొంచెం నూనె
- అవిసె నూనె
- కిరాణా కొట్టు తరహా చిన్న కాటా

## 1. పాత కామ తీయడం, కన్నం కొలవడం

విరిగిన ముక్క కన్నంలో ఇరుక్కుంటే చాలామంది గొడ్డలిని తీసుకెళ్లి పొయ్యిలో పడేస్తారు. కర్ర కాలిపోతుంది, దాంతో పాటు కమ్మరి పెట్టిన పదును కూడా పోతుంది. ఉక్కు వేడి 200 డిగ్రీలు దాటిన దగ్గర్నుంచి అంచు మెత్తబడటం మొదలవుతుంది. అంచు మీద నీలం రంగు తేలిందంటే ఇక ఎంత సానబెట్టినా నాలుగు దెబ్బలకే మొండిబారుతుంది.

చేయాల్సింది ఇది. తల కింద మిగిలిన కర్రను రంపంతో సమంగా కోసేయండి. కన్నంలోని కర్రకు డ్రిల్‌తో నాలుగైదు బెజ్జాలు వేయండి. బిగువు పోతుంది. తర్వాత ఇనప చువ్వ పెట్టి, కన్నం ఏ వైపు వెడల్పుగా ఉందో ఆ వైపుకి తన్నేయండి.

కన్నం లోపలి తుప్పును గరుకు కాగితంతో రుద్దండి. కన్నం అంచుల్లో వేలు పెట్టి చూస్తే గీసుకునేలా పదునుగా తగులుతుంటే ఆకురాయితో ఆ పదును తీసేయండి. ఎవరూ పట్టించుకోని చిన్న పని ఇది. ఆ పదునే దెబ్బ దెబ్బకీ కర్రను కొరుకుతుంది, కామలు సరిగ్గా తల కిందే విరగడానికి అదొక కారణం.

ఇప్పుడు కన్నాన్ని పైవైపు, కిందివైపు రెండు చోట్లా కొలవండి.

- రెండు వైపులా ఒకే సైజు, లేదా పైన రెండు మూడు మిల్లీమీటర్లు మాత్రమే ఎక్కువ: ఇది చీలతో బిగించే రకం. కామ కింది నుంచి ఎక్కుతుంది. ఫ్యాక్టరీ గొడ్డళ్లు ఎక్కువగా ఇలాగే ఉంటాయి.
- ఒకవైపు బాగా పెద్దది, రెండోవైపు బాగా ఇరుకు: ఇది కామను పై నుంచి దించే రకం. పికాసు ఇలాగే ఉంటుంది, కొన్ని నాటు గొడ్డళ్లూ, పారలూ కూడా. కామ తలకట్టు లావుగా ఉండి అక్కడే ఆగుతుంది. చీల అక్కర్లేదు.

ఈ తేడా చూడకుండా కర్ర చెక్కడం మొదలుపెడితే సగం పని అయ్యాక మళ్లీ మొదటికొస్తారు.

## 2. ఏ కర్ర?

నల్ల తుమ్మ దొరికితే ఇంకేదీ వెతకొద్దు. నాగలికీ, బండి చక్రానికీ అది వాడింది ఊరికే కాదు, దెబ్బను తట్టుకోవడంలో టేకు దాని దరిదాపుల్లోకి రాదు. అయితే తుమ్మలో కూడా చేవ, అంటే లోపలి ఎర్రటి భాగమే కావాలి. బెరడు పక్కన ఉండే తెల్ల చెక్కకు పురుగు త్వరగా పడుతుంది, పిండి రాలుతుంది.

- సర్కారు తుమ్మ: గట్టిది, ఆరేటప్పుడు పెద్దగా కుంచించుకుపోదు, వంకర తిరగదు. చిక్కల్లా మూడడుగుల సాపు కర్ర దొరకడం. వెతికితే దొరుకుతుంది. ముళ్లు గుచ్చుకుంటే వాస్తుంది, చేతికి తొడుగు వేసుకోండి.
- తిరుమాను, చరచి: మన్యంలో, నల్లమల వైపు వాళ్లకు తెలిసిన కర్రలు. సాగుడు గుణం ఉంటుంది, చేతికి అదురు తక్కువ. కలప అడితిలో అడిగి చూడండి, అడవిలోకి వెళ్లి కొట్టకండి.
- జామ: పెరట్లో పాత చెట్టు కొట్టేస్తుంటే కొమ్మలు దాచుకోండి. చిన్న గొడ్డలికి, కొడవలి పిడికి బాగుంటుంది.
- వేప: కొడవలి పిడికి సరే. పెద్ద గొడ్డలికి వద్దు.
- గట్టి వెదురు: లోపల బోలు లేనిదైతే పారకు బ్రహ్మాండంగా పనికొస్తుంది. గొడ్డలికి ఎప్పుడూ వద్దు.

టేకు తేలిగ్గా ఉంటుందనీ, నునుపు వస్తుందనీ ఆశపడి వేస్తారు. గట్టి దెబ్బకు అది పుటుక్కున పోతుంది. టేకును తలుపులకు వదిలేయండి. యూకలిప్టస్ ఆరేటప్పుడు మెలితిరుగుతుంది, చీలుతుంది.

ఇంకో విషయం. మన రెండు రాష్ట్రాల్లోనూ 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ఉంది. సొంత పొలంలోదైనా సరే, కొన్ని జాతులు తప్ప చెట్టు నరకడానికి అనుమతి తీసుకోవాలి. కామ కోసం చెట్టంతా కొట్టాల్సిన అవసరం ఎలాగూ లేదు. గాలికి విరిగిపడిన కొమ్మో, అడితిలో కొన్న ముక్కో చాలు.

కర్రను ఎంచేటప్పుడు చూడాల్సినవి

- బెరడు మీద గీతలు నిలువుగా పోతున్నాయా? మెలితిరిగి ఉంటే లోపల నార కూడా మెలితిరిగే ఉంటుంది. వదిలేయండి.
- మూడడుగుల నిడివిలో ముడులు లేవా? చిన్న ముడి చేతి పట్టు దగ్గర ఉంటే పర్లేదు, తల దగ్గరి జానెడు మేర అసలు ఉండకూడదు.
- కొమ్మ లావు కనీసం ఆరేడు అంగుళాలు ఉందా? నాలుగు ముక్కలుగా చీల్చాలి కాబట్టి.
- పురుగు బెజ్జాలు, పిండి రాలడం లేవా?

## 3. కొట్టడం, చీల్చడం, ఆరబెట్టడం

చలికాలంలో కొట్టిన కర్ర నిదానంగా ఆరుతుంది, పగుళ్లు తక్కువ. అమావాస్యకు కొడితే పుచ్చదని మా వైపు పెద్దవాళ్లు అంటారు. అది మీ ఇష్టం, నేనైతే తిథి కన్నా కాలాన్ని చూస్తాను.

కోసిన వెంటనే రెండు చివర్లకూ కరిగించిన మైనమో, పాత పెయింటో పూయండి. నీరు చివర్ల నుంచి చాలా వేగంగా పోతుంది. పూత లేకపోతే మర్నాటికే చివర్లు నెర్రెలిస్తాయి, ఆ నెర్రెలు లోపలికి పాకుతాయి. నిడివి కూడా కావాల్సిన దానికన్నా జానెడు ఎక్కువే ఉంచుకోండి.

రంపంతో పలకలు కోయకండి, చీల్చండి. రంపం దాని దారిన అది పోతుంది, నారను అడ్డంగా తెంపేస్తుంది. గొడ్డలి చీలిక మాత్రం నార వెంటే పోతుంది. చీల్చిన ముక్కలో ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఒకే నార ఉంటుంది, బలమంతా అక్కడే. మొద్దు చివర నడిమధ్యన గొడ్డలి అంచు ఆనించి, వెనక గూటంతో కొట్టి రెండు చేయండి. మళ్లీ ఒక్కోదాన్ని రెండు చేయండి. చీలిక పక్కకు పోతుంటే లావుగా ఉన్న సగం వైపు నొక్కి పట్టండి, మధ్యకు తిరుగుతుంది.

నడుమ ఉండే బెండును తీసేయండి. గుండ్రటి కొమ్మను అలాగే కామగా వాడితే ఆ బెండు దాకా పగలడం ఖాయం. కర్ర చుట్టుకొలత దిశలో కుంచించుకుపోయేది ఎక్కువ, మధ్య నుంచి బెరడు వైపు తక్కువ. సుమారుగా రెండింతల తేడా ఉంటుంది. గుండ్రటి కర్రకు ఆ తేడా సర్దుకునే దారి లేదు, పగులుతుంది. నాలుగుగా చీల్చిన ముక్కకు ఆ బాధ లేదు.

తుమ్మకు పురుగు భయం ఉంటే ఒక పాత పద్ధతి ఉంది. చీల్చిన ముక్కల్ని చెరువులోనో, తొట్టిలోనో మూడు నాలుగు వారాలు పూర్తిగా మునిగేలా ఉంచుతారు. కర్రలో ఉన్న పిండి పదార్థం కొంత నీళ్లలోకి దిగుతుంది, పురుగుకు తిండి తగ్గుతుంది. నీళ్లు కంపు కొడతాయి, ఇంట్లోవాళ్లకు ముందే చెప్పండి.

తర్వాత నీడలో, గాలి తగిలేచోట, నేలకు జానెడు ఎత్తున పేర్చండి. ముక్కకు ముక్కకు మధ్య చిన్న పుల్లలు పెట్టండి. పశువుల కొట్టం అటక మంచి చోటు. ఎండలో పెడితే పైన ఆరి లోపల పచ్చిగా ఉండిపోతుంది, ముందు పైపొర పగులుతుంది.

రెండంగుళాల మందం ముక్కకు నాలుగు నుంచి ఆరు నెలలు పడుతుంది. కోస్తా తేమలో ఇంకొంచెం ఎక్కువ, అనంతపురం గాలిలో తక్కువ. నెలలు లెక్కపెట్టడం కన్నా కాటా నమ్మదగింది. ముక్క మీద తేదీ, బరువు రాసిపెట్టి వారం వారం తూచండి. రెండు మూడు వారాలు వరసగా బరువు తగ్గకపోతే ఆరినట్టు. ఆరిన రెండు ముక్కల్ని ఒకదానితో ఒకటి కొడితే ఠంగుమంటుంది. పచ్చివైతే దబ్‌మని మొద్దు చప్పుడు వస్తుంది.

## 4. కొలతలు

- గొడ్డలి: తలను గుప్పిట్లో పట్టుకుని చెయ్యి పక్కకు చాపండి. కామ చివర చంక దగ్గరకు రావాలి. కిలో నుంచి కిలోన్నర తలకు మామూలుగా రెండున్నర నుంచి మూడడుగులు. పుల్లలు కొట్టే చిన్న గొడ్డలికి అడుగున్నర చాలు.
- పార: నేల మీద నిలబెడితే బొడ్డు ఎత్తుకు రావాలి. గట్లు చెక్కే పనికి కొందరు ఇంకాస్త పొట్టిది ఇష్టపడతారు. నడుం నొప్పి ఉన్నవాళ్లు నాలుగు వేళ్లు పెంచుకోండి.
- పట్టు లావు: పిడికిలి బిగిస్తే వేళ్ల కొనలు అరచేతి మొదట్లో తాకీ తాకనట్టు ఉండాలి. గొడ్డలికైతే గుడ్డు ఆకారంలో, సుమారు 35 మిల్లీమీటర్లు ఒకవైపు, 23 ఒకవైపు. లావు కామ బలంగా ఉంటుందని అనుకుంటారు కానీ అది అదురంతా చేతిలోకి పంపిస్తుంది, అరచేయి బొబ్బలెక్కుతుంది.

గుండ్రటి కామ గొడ్డలికి వద్దు. చేతిలో తిరుగుతుంది, అంచు ఎటు ఉందో తెలియదు.

## 5. చెక్కడం

ముందు ముక్క చివర చూసి వలయాలు ఎటు పోతున్నాయో గమనించండి. గొడ్డలి అంచు ఏ దిశలో ఉంటుందో వలయాల గీతలు కూడా ఆ దిశలోనే ఉండాలి, అడ్డంగా ఉండకూడదు. పెన్సిల్‌తో ముందు, వెనక అని రాసుకోండి, చెక్కుతూ ఉంటే మర్చిపోతారు.

వరస ఇలా:

1. ఒక పక్కను బాడిసతో సాపు చేయండి. ఇక కొలతలన్నీ ఆ పక్క నుంచే.
2. దాని మీద నిడివి మధ్యగా దారం పట్టి బొగ్గుతో గీత కొట్టండి.
3. గీతకు రెండువైపులా కామ ఆకారం గీయండి. తల దగ్గర కన్నం కొలతకు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచండి.
4. గీతల దాకా బాడిసతో చెక్కండి. ముందు అడుగుకో గాటు అడ్డంగా పెట్టి, తర్వాత గాటు నుంచి గాటుకు చెక్క లేపండి. ఒకేసారి పొడవుగా లాగితే చెక్క గీత దాటి లేచిపోతుంది.
5. నాలుగు పలకలు వచ్చాక మూలలు తీసి ఎనిమిది పలకలు చేయండి. ఆ తర్వాతే గుండ్రం.
6. చేతి చివర కొంచెం లావుగా వదలండి. చెమట చేతిలోంచి జారకుండా అదే ఆపుతుంది.

బాడిస ఎప్పుడూ నార దిగే వైపుకే పోవాలి. చెక్క లేచేటప్పుడు చిరుగుతున్నట్టు కనిపిస్తే ముక్కను అటు ఇటు తిప్పి వ్యతిరేక దిశలో చెక్కండి. పాదం, మోకాలు బాడిస దారిలో లేకుండా చూసుకోండి. అనుభవం ఉన్న వడ్రంగి కాలితో తొక్కిపట్టి చెక్కుతాడు, కొత్తవాళ్లు ముక్కను మొద్దుకు తాడుతో కట్టుకోవడం మంచిది.

## 6. కన్నంలో కూర్చడం

పనిలో ముప్పావు వంతు సమయం దీనికే పెట్టండి. కామ నాణ్యత తేలేది ఇక్కడే.

కన్నం లోపల నూనెలో కలిపిన మసిని పల్చగా రాయండి. కామ కొసను చేత్తో కన్నంలోకి నెట్టి, కామ రెండో చివర (చేతి వైపు) గూటంతో రెండు దెబ్బలు వేసి, బయటికి తీయండి. కర్ర మీద ఎక్కడ నల్లగా అంటిందో అక్కడ కన్నానికి తగులుతోందన్నమాట. ఆ నలుపు ఉన్నచోట మాత్రమే ఆకురాయితో కాస్త తీయండి. మళ్లీ నెట్టండి, మళ్లీ చూడండి.

మొదట్లో నలుపు రెండు మూడు చుక్కలే ఉంటుంది. తీస్తూ పోతే చుక్కలు మచ్చలవుతాయి, మచ్చలు కలిసి పట్టీ అవుతాయి. కన్నం లోతంతా, చుట్టూ, సమంగా నలుపు అంటే దాకా ఇలాగే. పాతికసార్లు తీసి పెట్టాల్సి రావచ్చు, విసుక్కోవద్దు. తెల్లగా ఉన్నచోటును పొరపాటున గీకితే అక్కడ గ్యాప్ శాశ్వతం.

తలను దిగేయడానికి సుత్తితో తల మీద కొట్టకండి. కామను నిలువుగా, తల కిందికి వేలాడేలా ఒక చేత్తో గాల్లో పట్టుకుని, పై చివర గూటంతో కొట్టండి. తల కింద వేలాడుతూ ఉంటే పైకి ఎక్కడం ఏంటని అనిపిస్తుంది. తల బరువైంది, దెబ్బకు కామ కదిలినంత వేగంగా అది కదల్లేదు. అందుకని కామే తలలోకి చొచ్చుకుపోతుంది. వంకరగా ఎక్కే ప్రమాదం లేదు, ఇనుముకు దెబ్బ తగలదు.

కామ కొస తల పైన ఐదారు మిల్లీమీటర్లు బయటికి రావాలి.

చీల కొట్టక ముందు చూడాల్సినవి

- కామ చివర కంటి దగ్గర పెట్టుకుని చూస్తే గొడ్డలి అంచు, కామ ఒకే గీతలో ఉన్నాయా?
- చీల లేకుండానే తల ఊగకుండా నిలబడుతోందా? ఊగుతోంటే చీల దాన్ని బాగు చేయదు, మళ్లీ కూర్చండి.
- కింది అంచు చుట్టూ గోరు దూరే సందు ఉందా? ఉండకూడదు.
- అంచు కిందికి పెట్టి గొడ్డలిని చదును నేల మీద ఆనిస్తే అంచు నడిమి భాగం దగ్గర, కామ చివర రెండూ తగులుతున్నాయా? అంచు ఒక మూల మాత్రమే తగిలితే తల కోణం తేడా ఉంది.

## 7. చీల

కామ కొసలో కన్నం పొడుగు దిశలో రంపంతో గాటు కోయండి. లోతు కన్నం లోతులో మూడింట రెండు వంతులు. అంతకన్నా లోతుగా కోస్తే తల కింద చీలడానికి మీరే దారి వేసినట్టు.

చీల ఆరిన తుమ్మతోనో, వెదురు పెంకుతోనో చేయండి. వెడల్పు కన్నం పొడుగంత, కొస పల్చగా, పైన నాలుగైదు మిల్లీమీటర్ల మందం, ఏటవాలు సమంగా. తడిగా ఉన్న చీల ఆరాక లేచొస్తుంది.

తలను కింద ఆనించకుండా, కామ చివరను మొద్దు మీద నిలబెట్టి చీలను నెమ్మదిగా దిగేయండి. చప్పుడు వింటూ ఉండండి. మొదట మెత్తగా వస్తుంది, బిగిసేకొద్దీ సన్నబడి గట్టిపడుతుంది. ఆ చప్పుడు మారాక ఇంకో రెండు దెబ్బలు, అంతే. బయటికి మిగిలిన చీలను, కామ కొసను రెండు మూడు మిల్లీమీటర్లు ఉంచి కోసేయండి. కన్నం అంచు మీదికి పరుచుకున్న ఆ కర్రే తలను ఆపే టోపీ.

మేకులు కొట్టకండి. మేకు నారను చీలుస్తుంది, తుప్పు పడుతుంది, ఇంకోసారి కామ మార్చేటప్పుడు రంపం పళ్లు పోతాయి. ఇనప చీల కూడా మొదటే వద్దు, ఏడాది రెండేళ్ల తర్వాత కొంచెం లూజైతే అప్పుడు అడ్డంగా ఒకటి దిగేయడానికి అట్టేపెట్టుకోండి.

కాలం: వీలైతే బిగించే పని రోహిణి కార్తె ఎండల్లో పెట్టుకోండి. అప్పుడు కర్ర బాగా ఎండి, కుంచించుకుని ఉంటుంది. వానలు పడ్డాక ఉబ్బి ఇంకా బిగుస్తుంది. వానాకాలంలో బిగించినది వేసవిలో లూజవుతుంది, ఎవరు చేసినా అంతే.

## 8. నునుపు, నూనె

ఆకురాయి గీతలు పోయాక పగిలిన గాజు పెంకు అంచుతో నార వెంట గీకండి. ఉల్లిపొర లాంటి పొట్టు లేస్తుంది, గరుకు కాగితం కన్నా శుభ్రంగా వస్తుంది. చేతికి గుడ్డ చుట్టుకోండి. అద్దంలా మెరిసేలా చేయొద్దు, కాస్త పట్టు ఉండాలి. వార్నిష్ అసలే వద్దు, జారుతుంది, చెయ్యి బొబ్బలెక్కుతుంది.

ఆముదం, కొబ్బరి నూనె ఆరవు, జిడ్డుగా ఉండి మట్టి పట్టుకుంటాయి. అవిసె నూనె ఆరి గట్టి పొర కడుతుంది. పల్చగా రాసి, అరగంట ఆగి, మిగిలింది తుడిచేయండి. రోజు విడిచి రోజు మూడు నాలుగు పూతలు. కొస మీద, చీల చుట్టూ ఎక్కువ పట్టించండి.

నూనె తుడిచిన గుడ్డలు ఉండచుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఆరేటప్పుడు వేడి పుడుతుంది, ఉండగా ఉన్న గుడ్డ దానంతట అదే అంటుకోగలదు. గడ్డివాము పక్కన అయితే చెప్పక్కర్లేదు. విప్పి తీగ మీద ఆరేయండి, లేదా నీళ్లలో ముంచండి.

## 9. పార, పికాసు, కొడవలి

పార: రింగు పెద్ద మూతి, మనం నిలబడే వైపుకి కాకుండా అవతలి వైపుకి ఉంటే కామను అవతలి నుంచే దించాలి. విసిరినప్పుడు పార బయటికే లాగుతుంది, లావుపాటి తలకట్టు దాన్ని ఆపుతుంది. వెదురు వేస్తే కణుపు రింగులో పడేలా కోసుకోండి, కణుపుకు కణుపుకు మధ్య భాగం నలుగుతుంది. రింగు రెండువైపులా ఒకే సైజైతే గొడ్డలి లాగే గాటు, చీల.

పికాసు: తలకట్టును పై నుంచి దించి, చివర నేలకేసి రెండుసార్లు కొడితే చాలు. పని చేసేకొద్దీ బిగుస్తుంది. దీనికి చీల కొట్టేవాళ్లను చూశాను, అది అనవసరం.

కొడవలి: పిడి జానెడు. ముందు మొన దగ్గర ఇనప పొన్ను (కడియం) తొడగండి, అది లేకపోతే ముల్లు (పిడిలోకి దిగే కొడవలి తోక) దిగేటప్పుడు పిడి చీలుతుంది. ముల్లు లావులో సగానికి మించని బెజ్జం వేయండి. కొడవలి అంచుకు తడి గుడ్డ గట్టిగా చుట్టి, ముల్లును మాత్రమే ఎర్రగా కాల్చి, బెజ్జంలో నెట్టి తీయండి. పొగ వస్తుంది, బెజ్జం ముల్లు ఆకారంలో కాలుతుంది. రెండుసార్లలో మూడొంతులు దిగాక, ముల్లు చల్లారాక బెజ్జంలో లక్క పొడి పోసి, మళ్లీ కొంచెం వేడి చేసి పూర్తిగా దిగేయండి. లక్క కరిగి సందులు నింపి గట్టిపడుతుంది.

## 10. తేడా వస్తే

తల ఊగుతోంది, చీల బిగువుగానే ఉంది. కర్ర కుంచించుకుంది. కామ చివర గూటంతో కొట్టి తలను ఇంకొంచెం ఎక్కించండి, తర్వాత చీలను దిగేయండి. అది కిందిదాకా దిగి ఉంటే తీసి, కొంచెం మందంది వేయండి.

రాత్రంతా నీళ్లలో నానబెడితే బిగుస్తుంది కదా? ఆ రోజుకు బిగుస్తుంది. ఉబ్బిన కర్రకు కన్నంలో చోటు ఉండదు, బయటి నార ఇనుముకు నలిగిపోతుంది. ఆరాక ముందున్న దానికన్నా సన్నగా తయారవుతుంది. రెండుసార్లు నానబెట్టిన కామకు మూడోసారి చీల కూడా పనిచేయదు. పొలంలో పని ఆగిపోతుందంటే ఒక్కరోజుకు చేయండి, సాయంత్రానికి సరైన చీల వేయండి.

తల కింద చిన్న గీత కనిపిస్తోంది. గోరు పెట్టి చూడండి. గోరు దిగితే అది పగులు. జిగురు, ఇనప తీగ, టేపు ఏదీ నమ్మొద్దు. ఊడిన గొడ్డలి తల ఎవరి మీదకు పోతుందో చెప్పలేం. ఆ మాటకొస్తే కొత్త కామతో మొదటి రోజు కూడా ఎదురుగా, వెనకా ఎవరూ లేకుండా చూసుకుని, పది మెల్లటి దెబ్బలు వేసి, తల కదిలిందేమో చూశాకే అసలు పని మొదలుపెట్టండి.

దెబ్బ పక్కకు పోతోంది. చాలావరకు తల వంకరగా ఎక్కి ఉంటుంది. చీల తీసి, మసి పరీక్ష మళ్లీ చేయండి.

చేతికి అదురు ఎక్కువ. కామ నడుమ భాగం లావుగా ఉంది. తల నుంచి జానెడు వదిలి, పట్టు దాకా పక్కల నుంచి గాజు పెంకుతో కొంచెం కొంచెం సన్నం చేయండి. తల దగ్గరి జానెడును మాత్రం ముట్టుకోకండి.

తెల్లటి పిండి రాలుతోంది. పురుగు పట్టింది. చేవ భాగం గట్టిగానే ఉంటే తెల్ల చెక్క చెక్కేసి, బెజ్జాల్లో వేపనూనె పోసి చూడొచ్చు. తల దగ్గర పిండి రాలితే ఇక ఆ కామను వదిలేయండి. కానీ పొయ్యిలో పెట్టే ముందు దాని మంచి భాగం జానెడు జానెడు కోసి పక్కన పెట్టండి, అంతకంటే ఆరిన కర్ర కొడవలి పిడికి దొరకదు.